చింతలమెట్టలో ఆఖరి అన్యాయం

చింతలమెట్ట పురపాలక సంఘం పరిధిలో అన్యాయం ఇక ఒక్కటే మిగిలింది.

మంగళవారం ఉదయం పదిన్నరకి కమిషనర్ ఉదయభాస్కర్ ఈ సంగతి ప్రకటించగానే సమావేశ మందిరం చప్పట్లతో మోగిపోయింది. సీనియర్ అసిస్టెంట్ త్రిమూర్తులు కూడా కొట్టాడు. ఆ మిగిలిన ఒక్కటీ తన నెత్తినే పడబోతోందని కొట్టడం అయ్యాక గాని తెలియలేదు.

"గురువారం పరిశీలక బృందం వస్తోంది. ఆ ఒక్క సంతకం రేపు సాయంత్రం అయిదులోపు నా బల్ల మీద ఉండాలి. త్రిమూర్తులు గారూ, తమరి అనుభవం మీద మాకు అపారమైన విశ్వాసం ఉంది" అన్నాడు కమిషనర్.

ఆఫీసులో ఒకరి అనుభవం మీద విశ్వాసం ఉందన్నారంటే, పని చెడితే తిట్లు తినే మనిషి దొరికాడని అర్థం. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో త్రిమూర్తులు ఆ మాత్రం నేర్చుకున్నాడు.

కథ మొదలై ఆరు నెలలైంది. దోమలు లేని పట్టణం, చెత్త లేని పట్టణం పోటీలు అయిపోయాక, పైనున్న వాళ్ళకి కొత్త ఉత్సాహం పుట్టింది. రాష్ట్రంలో పట్టణాలన్నీ "అన్యాయ రహిత పట్టణాలు" కావాలని ఉత్తర్వు దిగింది. ఆ ఉత్తర్వుతో పాటు గులాబీ రంగు ఫారాలు బస్తాల్లో వచ్చాయి. అర్జీ పెట్టుకున్న ప్రతి మనిషీ ఆ ఫారం మీద సంతకం చెయ్యాలి. "నాకు న్యాయం జరిగినది. ఇకపై నాకు ఏ అన్యాయమూ లేదు." కింద వేలిముద్ర. పక్కన ఫొటో. ఫొటోలో పళ్ళు కనబడాలి.

చింతలమెట్టలో మొత్తం అర్జీలు రెండు వేల మూడు వందల పదిహేడు. మునిసిపాలిటీ సిబ్బంది నడుం కట్టారు. వీధిలో దీపం వెలగడం లేదని అర్జీ పెట్టిన పెద్దాయనకి కంటి పరీక్ష చేయించి కళ్ళజోడు ఇచ్చారు. కుళాయిలో నీళ్ళు రావడం లేదన్న వీధికి, నీటి పొదుపులో ఆదర్శ వీధి అని బిరుదు ఇచ్చారు. మురుగు కాలువ ఇంట్లోకి పొంగుతోందన్నాయన ఎంతకీ లొంగకపోతే, ఆయన ఇంటి చిరునామా పక్క పంచాయతీలోకి మార్చారు. ఆయన అన్యాయం ఆయనతో పాటే ఊరు దాటి, లెక్కలోంచి పోయింది.

కొత్త అన్యాయాలు పుట్టకుండా విజిల్ దళాలు కూడా వేశారు. ఆకుపచ్చ చొక్కాలు, మెడలో విజిళ్ళు. వీధిలో ఎవరి నోటి వెంట అన్యాయం అన్న మాట వచ్చినా పరుగెత్తుకొచ్చి చెవి దగ్గర ఊదుతారు. జనం వారం రోజుల్లో దారికొచ్చారు.

ఇక రెండు వేల మూడు వందల పదిహేను సంతకాల్లో త్రిమూర్తులుది కూడా ఒకటి. పందొమ్మిదేళ్ళ కిందట ఆఫీసులో ఒక ఫైలు పోయింది. త్రిమూర్తులు నిర్లక్ష్యం వల్లనే పోయిందని అతని సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో రాశారు. ఏడాది తిరిగాక ఆ ఫైలు అప్పటి కమిషనర్ గదిలోనే దొరికింది. కూలరు ఊగకుండా దాని కాలి కింద పెట్టి ఉంది. ఫైలు తీశారు గాని ఎర్ర సిరా తియ్యలేదు. ఆ ఒక్క ముక్క కొట్టెయ్యమని త్రిమూర్తులు ఏటా అర్జీ పెడుతూనే ఉన్నాడు. మొన్న వేసవిలో అతని ముందుకి అతని ఫారమే వచ్చింది. అర్జీదారుగా సంతకం చేశాడు, న్యాయం అందజేసిన ఉద్యోగిగా పక్కనే ఇంకో సంతకం చేశాడు. ఫొటోలో పళ్ళు కనబడేలా నవ్వాడు.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

*

మిగిలిన ఒక్క అర్జీ నూకరత్నానిది. ఇస్త్రీ చేస్తుంది. పాత టెలిఫోన్ ఆఫీసు మలుపులో బండి పెట్టుకుని ఇరవై ఏళ్ళు ఆ చుట్టుపక్కల బట్టలన్నీ తనే ఇస్త్రీ చేసింది. రెండు నెలల కిందట ఒక ఉదయం మునిసిపాలిటీ లారీ వచ్చి బండిని ఎత్తుకుపోయింది. తన బండి తనకి ఇప్పించమని ఆవిడ అర్జీ.

త్రిమూర్తులు వెళ్ళేసరికి నూకరత్నం ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. నేల మీద దుప్పటి మడత పరిచి, ముందుకి వంగి ఇత్తడి పెట్టెతో పంట్లాం రుద్దుతోంది. ప్రతి మడతకీ ఒక చేత్తో నడుం పట్టుకుని లేచి, మళ్ళీ కూర్చుంటోంది.

"రండి బాబూ. సంతకం కోసమేనా?"

"ఎలా తెలుసమ్మా?"

"మీకు ముందు నలుగురొచ్చేరండి. ఒకాయన శాలువా కప్పేడు. ఒకమ్మాయొచ్చి కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి తియ్యమంది. ఇంకోయన నా చేత మొక్క నాటించేడు. అదిగో, కరేపాక మొక్క. బాగానే బతికింది. కావాలంటే రెండు రెబ్బలు పట్టుకెళ్ళండి."

"నాలుగో ఆయన?"

"ఆయన నా బాధంతా విని ఏడిసేడండి పాపం. నేనే మంచినీళ్ళిచ్చి పంపించేను."

త్రిమూర్తులు చేతిలో గులాబీ ఫారం అయిదు చేతులు మారి ముడతలు పడిపోయింది. దాన్ని మోకాలి మీద సాపు చేసుకుంటూ అడిగాడు. "ఇంతకీ నీకేం కావాలి రత్నమ్మా?"

"బండండి."

"బండి కాకుండా?"

"బండేనండి."

"అది కాదమ్మా, వేరే ఏదైనా..."

"మీకు చొక్కా కావాలంటే పంట్లామిస్తే ఊరుకుంటారేంటండి?"

త్రిమూర్తులు నవ్వు ఆపుకున్నాడు. ఆవిడ పెట్టెలో బొగ్గులు విసురుకుంటూ చెప్పుకుపోయింది. "ఆ బండి మా ఆయన చేతిపనండి. నల్లమద్ది బల్ల, నాలుగు సైకిలు చక్రాలు. ఇది చేసిన ఏడే పోయేడు. బల్ల మీద ఎడంపక్క పెట్టె అచ్చు ఉంటాది చూడండి, నల్లగా. మా పెద్దదానికి నొప్పులొచ్చేయని కబురొస్తే పెట్టె అలాగే వొదిలేసి పరిగెట్టేను. తిరిగొచ్చేసరికి బల్ల బొగ్గయిపోయింది. మనవరాలు పుట్టింది. ఆ మచ్చకీ మా మనవరాలికీ ఒకటే వయసండి. తొమ్మిదేళ్ళు."

"ఆఫీసుకొచ్చి అడిగావా?"

"అడక్కేం. బండి మేం తియ్యలేదన్నారు. మరెవరు తీసేరండీ అంటే, అసలక్కడ బండే లేదన్నారు. లేని బండి మీద ఇరవయ్యేళ్ళు ఇస్త్రీ చేసేనన్నమాట. మీ చొక్కా కూడా దాని మీదే చేసేదాన్ని, మీరు మర్చిపోయినట్టున్నారు." ఆవిడ నడుం పట్టుకుని నిటారుగా కూర్చుంది. "నిలబడితే రోజుకి ఎనభై బట్టలు చేసేదాన్నండి. ఇలా కూర్చుంటే పాతిక్కే నడుం పడిపోతంది. అపార్ట్‌మెంటోళ్ళు ఒకళ్ళొకళ్ళే వేరే చోటుకి ఎల్లిపోతన్నారు. దీపావళి దాకా ఇలాగే ఉంటే నా దగ్గరకి ఇంకెవరొస్తారండి?"

"సంతకం పెట్టేస్తే ఆఫీసువాళ్ళు మంచిగా చూసుకుంటారమ్మా. తరవాత నెమ్మదిగా..."

"పెద్దదాన్నయ్యేక మా మనవరాలి దగ్గర నేర్చుకున్నానండి సంతకం. నెలరోజులు పట్టింది. అబద్ధం మీద పెట్టడానికా?"

త్రిమూర్తులుకి తన సంతకం గుర్తొచ్చింది. దాన్ని నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పట్టిందో గుర్తు రాలేదు.

తిరిగి వస్తుంటే కూరగాయల బజారులో ఒకావిడ దోసకాయలు ఏరుతూ "ఇదేం అన్యాయం బాబూ, అన్నీ చేదువే పెట్టేవు" అంది. అంతే. రెండు వైపుల నుంచీ విజిళ్ళు. ఆవిడ చెవులు మూసుకుని, "న్యాయం బాబూ, న్యాయం, ఎంతో చక్కటి చేదు" అనేసి సంచీ పట్టుకుని పరుగెత్తింది.

*

"మరి అయితే ఆ బండి ఇచ్చేస్తే పోతుంది కదండీ" అన్నాడు త్రిమూర్తులు.

కమిషనర్ తన గది తలుపు మూయించాడు. కమిషనర్ పక్కన కూర్చున్న కన్సల్టెంట్ నిశాంత్ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తాడు. అన్యాయం ఎలా తగ్గించాలో నేర్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు అతను. ఇప్పటికి నాలుగు పట్టణాల్లో తగ్గించాడు.

"సార్, ఇది చాలా బేసిక్ మిస్టేక్" అన్నాడు నిశాంత్ జాలిగా. "బండి ఇస్తే ఏమవుతుంది? మనం తీసుకున్నామని ఒప్పుకున్నట్టవుతుంది. తీసుకున్నామంటే అన్యాయం జరిగినట్టు. అన్యాయం జరిగితే అది అన్యాయ రహిత పట్టణం ఎలా అవుతుంది?"

"సూక్ష్మంగా చెప్పాలంటే, న్యాయం చెయ్యడం వల్ల అన్యాయం బయటపడే ప్రమాదం ఉంది. క్షేత్రస్థాయిలో అటువంటి దుస్సాహసాలకి మనం పాల్పడరాదు" అన్నాడు కమిషనర్.

"మరి న్యాయం అంటే ఏంటండీ?"

"మార్గదర్శకాలు, పేజీ పదకొండు." నిశాంత్ చదివాడు. "'ఫిర్యాదు లేని స్థితినే న్యాయం అందురు.' అందుకే మన పద్నాలుగో వార్డు అందరికంటే ముందు వంద శాతం సాధించింది."

"పద్నాలుగో వార్డులో ఉన్నది శ్మశానం ఒక్కటే కదండీ."

"ఎగ్జాక్ట్లీ సార్. అక్కడ ఒక్క ఫిర్యాదు కూడా లేదు. మిగతా వార్డులు ఆ స్థాయికి రావాలి."

త్రిమూర్తులు ఫారం తీసుకుని బయటికి నడిచాడు.

బుధవారం ఉదయం అతన్ని వెనక షెడ్డుకి పంపారు. గురువారం ఊరేగింపుకి "సంచార న్యాయ రథం" సిద్ధమవుతోంది, ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మన్నారు. న్యాయాన్ని గడప గడపకీ తీసుకెళ్ళే వాహనం అది. పైన బంగారు రంగు గోపురం, నాలుగు మూలలా సింహాలు, ముందు ఒక పెద్ద త్రాసు. పరిశీలకులు దాని ముందు నిలబడి ఫలితం ప్రకటించాలని ఏర్పాటు.

పెయింటర్ గోవిందు కుంచె పట్టుకుని తల గోక్కుంటున్నాడు.

"ఏంటి గోవిందూ, ఇంకా అవలేదా?"

"సింహాలు అయిపోయినయ్యండి. ఈ బల్ల ఒక్కటీ చంపుకు తింటంది. ఇక్కడ రంగు పట్టట్లేదండీ. మూడు కోటింగులేసేను. వేసినప్పుడు బాగానే ఉంటాది, ఆరేసరికి ఊడొచ్చేస్తంది. అడుగున ఎవరో కాల్చేసినట్టున్నారు."

త్రిమూర్తులు వంగి చూశాడు. తళతళలాడే బంగారు రంగు మధ్యలో, ఎడం పక్కన, జానెడు నల్ల మచ్చ తేలి ఉంది. ఒక కొస మొనదేలి, ఇంకో కొస బల్లపరుపుగా. ఎవరూ చెప్పనవసరం లేకుండా అది ఇస్త్రీ పెట్టె అచ్చు.

అతను ఇంకా కిందికి వంగాడు. సింహాల కాళ్ళ వెనక నాలుగు సైకిలు చక్రాలు.

"ఇది ఎక్కణ్ణించి తెచ్చారు?"

"నాకేం తెలుసండి. రిజిస్టర్లో ఉంటాది."

రిజిస్టరులో ఉంది. "పట్టణ సుందరీకరణలో లభించిన, యజమాని లేని చెక్క సామగ్రి, ఒకటి."

*

కమిషనర్ ఆశ్చర్యపడలేదు. త్రిమూర్తులు చెప్పిందంతా విని, అద్దాలు తుడుచుకుని, నిదానంగా అన్నాడు.

"ఆ మచ్చ మీద ఒక ఫ్లెక్సీ అతికించమనండి. తమరి పదవీ విరమణ ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో అండి."

"ప్రశాంత వాతావరణంలో జరగాలని మా ఆకాంక్ష."

త్రిమూర్తులు లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. ముప్ఫై ఆరేళ్ళలో ఎన్నడూ రాని ఆలోచన ఒకటి అతనికి వచ్చింది. దాన్ని ఆఫీసు భాషలో పెట్టడానికి అతనికి పది సెకన్లు పట్టింది.

"సర్, తమ దృష్టికి ఒక ప్రతిపాదన. నూకరత్నం ఆ ఆఖరి సంతకం రేపు పరిశీలకుల సమక్షంలో, రథం మీదే పెడితే ఎలా ఉంటుందండీ? ప్రజలందరి ఎదుట."

కమిషనర్ కళ్ళు మెరిశాయి. "పెడుతుందంటారా?"

"ఇక్కడ పెట్టదండి. అక్కడ అడిగి చూద్దాం."

నిశాంత్ కుర్చీలోంచి లేచిపోయాడు. "సూపర్ సార్. లైవ్ క్లోజర్. ఏ పట్టణమూ చెయ్యలేదు. ఆవిడ్ని ఇస్త్రీ పెట్టెతో రమ్మనండి. పేజీ ముప్ఫై రెండు, లబ్ధిదారులు తమ వృత్తి పరికరాలతో ఫొటో దిగాలి. పెట్టెలో నిప్పులు కూడా ఉండాలి. పొగ వస్తే ఫ్రేము బాగుంటుంది."

"నిప్పులు మీరే తెమ్మన్నారని రాసుకోమంటారాండీ?" అన్నాడు త్రిమూర్తులు.

"రాసుకోండి సార్" అన్నాడు నిశాంత్ ఉదారంగా.

ఆ సాయంత్రం త్రిమూర్తులు అరుగు మీద నూకరత్నం ఎదురుగా కూర్చుని రథం సంగతి చెప్పాడు. ఆవిడ చేతిలో చొక్కా మడిచి పక్కన పెట్టింది. తరవాత అడిగింది.

"సింహాలేసేరా?"

"నాలుగు."

"మా ఆయన చూస్తే నవ్వుకునేవోడండి." పెట్టె మీది బూడిద ఊదింది. "నేనేం చెయ్యాలి?"

"నువ్వేం అనకు. ఒక్క మాట జారినా విజిళ్ళు ఊదేస్తారు. పెట్టె మాత్రం తీసుకురా."

*

గురువారం పదకొండు గంటలకి మునిసిపల్ ఆఫీసు ముందు వీధి నిండిపోయింది. రెండు వరుసల్లో విజిల్ దళం. మధ్యలో రథం. త్రాసు రెండు పళ్ళాలూ గాలికి ఊగుతుంటే, సమంగా ఉండాలని దారంతో కట్టేశారు. బల్ల మీద మచ్చ ఉన్నచోట "ఇది న్యాయ నిలయం" అన్న ఫ్లెక్సీ అతికించారు.

పరిశీలకురాలు కాత్యాయని యాభై దాటిన మనిషి. చేతిలో ట్యాబ్, ముఖంలో ఆకలి. ఈ వారంలో ఆవిడకిది ఆరో పట్టణం. ఉపన్యాసాలు వద్దని కమిషనర్‌కి చెయ్యి చూపించి, సరాసరి విషయంలోకి దిగింది.

"ఆఖరి అర్జీదారు ఎవరు?"

నూకరత్నం నిప్పులున్న పెట్టె పట్టుకుని రథం దగ్గరకి వచ్చింది. త్రిమూర్తులు ఆవిడ చేతిలో ముడతల ఫారం పెట్టాడు. కెమెరాలు ముందుకి జరిగాయి.

"అమ్మా, నీకు న్యాయం జరిగిందా?" అంది కాత్యాయని.

ఇరవై విజిళ్ళు పెదాల మధ్యకి వెళ్ళాయి.

నూకరత్నం రథం చుట్టూ తిరిగి వెనక పక్కకి వెళ్ళి నిలబడింది. కళ్ళు జనం మీదే ఉన్నాయి. ఎడం చెయ్యి మాత్రం దానంతటదే బల్ల కిందికి పోయి, సింహం తోక వెనక దాగిన మేకు నుంచి ఎండిపోయిన గుడ్డ ముక్క ఒకటి తీసింది. ఆ గుడ్డ అక్కడ ఉన్నట్టు రంగేసిన గోవిందుకి కూడా తెలియదు. దాంతో బల్ల తుడిచింది. ఫ్లెక్సీ మూల పట్టుకుని ఒక్క లాగు లాగింది. నల్ల మచ్చ బయటపడింది.

ఆవిడ ఇత్తడి పెట్టెని మచ్చ మీద పెట్టింది.

కొస మీద కొస, అంచు మీద అంచు. వెంట్రుక దూరే సందు లేదు. చుట్టూ ఉన్న బంగారు రంగు బుస్సుమని పొంగి, పెచ్చులై లేచింది.

తరవాత ఆవిడ గులాబీ ఫారాన్ని బల్ల మీద పరిచి, ఒకసారి పెట్టె తేలిగ్గా ఆనించి తీసింది. అయిదు చేతులు నలిపిన ముడతలన్నీ పోయి ఫారం కొత్తదానిలా అయింది. సంతకం ఉండవలసిన చోట ఖాళీ మాత్రం అలాగే ఉంది.

"ఇది మన రత్నం బండి" అన్నారెవరో జనంలోంచి.

"అవునర్రా, ఇరవయ్యేళ్ళు నా ధోవతులు దీని మీదేగా చేసింది."

"సింహాలెప్పుడు పెట్టించిందిరా?"

విజిల్ దళం నాయకుడు ఊదబోయి ఆగిపోయాడు. నిషేధించిన మాట ఎవరూ అనలేదు. బండి అన్న మాట జాబితాలో లేదు. అతను ఏం చెయ్యాలో తెలియక కమిషనర్ వైపు చూశాడు. కమిషనర్ నిశాంత్ వైపు చూశాడు. నిశాంత్ పేజీ వెతుకుతున్నాడు.

"ఈ బండి ఎవరిది?" అంది కాత్యాయని.

"ప్రజలదండి" అన్నాడు కమిషనర్.

"ఏ ప్రజలది?"

త్రిమూర్తులు గొంతు సవరించుకున్నాడు. ఫిబ్రవరి గుర్తొచ్చింది. ఎర్ర సిరా కూడా గుర్తొచ్చింది. రెండోది పాతది, అయినా అదే గట్టిగా గుర్తొచ్చింది.

"ఈవిడదండి. రెండు నెలల కిందట మనమే ఎత్తుకొచ్చాం. యజమాని లేదని మనమే రాసుకున్నాం."

అలవాటు కొద్దీ ఎవడో ఒకడు విజిలు ఊదాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

కాత్యాయని ట్యాబ్ మీద ఏదో నొక్కింది. మళ్ళీ నొక్కింది. అద్దాలు సర్దుకుని ఇంకోసారి నొక్కింది.

"ఇందులో అన్యాయాల సంఖ్య అన్నచోట సున్నా తప్ప వేరే అంకె తీసుకోవడం లేదు."

"అవును మేడమ్, డిజైనే అంత" అన్నాడు నిశాంత్ ఊపిరి పీల్చుకుంటూ. "ఆరు నెలల తరవాత వేరే అంకెల అవసరం ఉండదని..."

"అంటే నేను సున్నానే వెయ్యాలి."

"అంతే మేడమ్."

కాత్యాయని సున్నా వేసింది. కమిషనర్ చప్పట్లకి చేతులెత్తాడు.

"ఆగండి" అందావిడ. "సున్నా అని నేను సంతకం చేస్తున్నాను. అంటే ఈ ఊళ్ళో ఎవరికీ అన్యాయం జరగలేదు. ఈవిడకీ జరగలేదు. మీరు ఈవిడ బండి తియ్యలేదు. అంతేనా?"

"ముమ్మాటికీ తియ్యలేదండి."

"తియ్యకపోతే బండి ఎక్కడుండాలి?"

కమిషనర్ కళ్ళు రథం మీదికి పోయాయి.

"ఈవిడ దగ్గరే ఉండాలి కదా. లేకపోతే నా సున్నా తప్పవుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో నా అంకె ఎప్పుడూ తప్పు కాలేదు. నేను భోజనం చేసి వచ్చేసరికి ఈ బండి ఎక్కడ నుంచి కదల్లేదో అక్కడే ఉండాలి."

పన్నెండున్నరకి ఎక్కడి నుంచీ కదలని బండి పాత టెలిఫోన్ ఆఫీసు మలుపుకి బయల్దేరింది. గోపురం దారిలో ఒక కరెంటు తీగకి తగులుతుందని పీకేశారు. త్రాసు నూకరత్నం అక్కర్లేదంది. సింహాలు ఉంచమంది.

*

బండి చేరింది గాని సంతకం మిగిలే ఉంది. కమిషనర్ ఎండలో చెమటలు కక్కుతూ స్వయంగా మలుపు దాకా వచ్చాడు.

"ఏమమ్మా, నీ సామగ్రి నీకు చేరింది కదా. ఇక సంతకం అనుగ్రహించు."

నూకరత్నం అప్పటికే మూడో చొక్కా మీద ఉంది. నిలబడి చేస్తోంది.

"బండొచ్చిందండి. మీ కాయితం మీద మాత్రం అసలది ఎక్కడికీ ఎళ్ళలేదన్నారు. మరి రెండు నెలలు నేను అరుగు మీద ఎందుకు పడున్నానండి? పిచ్చెక్కా? అపార్ట్‌మెంటులో ఒకమ్మగారు అననే అన్నారు, నువ్వే ఎవరికో అమ్మేసుకుని నాటకాలాడతన్నావేమోనని." పెట్టె తిప్పి పెట్టింది. "మేమే తీసుకెళ్ళేం, ఆవిడ తప్పేం లేదు అని ఒక్క ముక్క రాసివ్వండి. పెడతాను."

"అది అసాధ్యం. ఫారంలో అందుకు గడి లేదు" అన్నాడు కమిషనర్.

"ఫారానికి వెనక వైపు ఉంటుంది కదండీ" అన్నాడు త్రిమూర్తులు.

ఫారం తిప్పి బండి మీద పెట్టాడు. వెనక అంతా తెలుపు. జేబులోంచి పెన్ను తీశాడు.

"ఈ బండిని మేమే తీసుకెళ్ళాము. ఈమె తప్పు ఏమీ లేదు. క్షమించాలి." కింద పేరు, హోదా, తేదీ.

"ఆ మూడో మాట నేనడగలేదండి" అంది నూకరత్నం, అక్షరాలు కూడబలుక్కుని చదివాక.

"చోటుంది కదా అని."

ఆవిడ చెయ్యి తుడుచుకుని, ఫారం ముందుకి తిప్పి, నాలుక కొరుక్కుంటూ నెమ్మదిగా సంతకం పెట్టింది. కమిషనర్ ముందువైపే చూశాడు. ఆయన ఏ ఫారానికీ వెనకవైపు చూసిన మనిషి కాదు.

శుక్రవారం పొద్దున్న చింతలమెట్టకి అన్యాయ రహిత పట్టణంగా ప్రథమ బహుమతి ప్రకటించారు. ఆఫీసులో మైసూర్‌పాకులు పంచుతుంటే, త్రిమూర్తులు రికార్డు గదిలోకి వెళ్ళి రెండు వేల మూడు వందల పదహారో ఫారాన్ని కట్టలో పెట్టాడు. పెట్టాక ఇంకో కట్ట దించి, దుమ్ము దులిపి, తన ఫారం వెతికి తీశాడు. ఫొటోలో పళ్ళన్నీ కనబడుతున్నాయి. వెనక్కి తిప్పాడు. ఖాళీ.

జేబులోంచి పెన్ను తీశాడు. తరవాత ముందుకి తిప్పి, అర్జీదారు సంతకం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. పక్కన, "సంతకం నాదే. మాట నాది కాదు. వెనక్కి తీసుకుంటున్నాను" అని రాసి, ఇన్‌వార్డులో ఇచ్చి నంబరు వేయించుకున్నాడు.

ఆ కాగితం మధ్యాహ్నానికి కమిషనర్ బల్ల మీదకి చేరింది. చింతలమెట్ట పురపాలక సంఘం పరిధిలో అన్యాయం మళ్ళీ ఒక్కటి మిగిలింది. బహుమతి అందుకోవడానికి సోమవారం రాజధానికి వెళ్ళాలి. కమిషనర్ గాభరాపడి, పేరు కూడా చూసుకోకుండా అలవాటు చొప్పున త్రిమూర్తులునే పిలిపించాడు.

"త్రిమూర్తులు గారూ, ఎవరో ఒక అర్జీదారు మొరాయించాడు. తమరి అనుభవం మీద మాకు అపారమైన విశ్వాసం ఉంది. వెంటనే ఆ మనిషిని కలిసి సంతకం..."

"కలిశానండి" అన్నాడు త్రిమూర్తులు చేతులు కట్టుకుని. "ఒక్క ముక్క రాసిస్తే పెడతానంటున్నాడు."